గుర్రం కొట్టంలో కోళ్ళగూడు

కోళ్ళు మా అత్తగారివి. రెట్ట నాది. ఈ పంపకం ఎవరు చేశారో నాకు తెలీదు, నేను కాపరానికి వచ్చేసరికే అయిపోయి ఉంది. పొద్దున్నే గంపలెత్తి కోళ్ళని వదిలేది ఆవిడ. గుడ్లు ఏరి కొంగులో పోసుకుని లోపలికి తెచ్చేది ఆవిడ. "మా నల్లపెట్ట ఇవాళ కూడా పెట్టింది" అని సందు సందంతా వినబడేలా చెప్పుకునేది కూడా ఆవిడే. గంపలెత్తాక కింద మిగిలిన దాన్ని ఒంగుని, బూడిద చల్లి, రేకుముక్కతో గీకి, నీళ్ళు కొట్టి కడిగేది మాత్రం నేను. అలా ఒంగి ఉండగానే ఒకరోజు వెనకనుంచి ఆవిడ మాట వినబడింది. మా శశికళకి తల దువ్వి, జడ చివర రిబ్బను ముడేస్తూ, ఎంతో మురిపెంగా అంది: "దీనికీ ఒక చాప కొనాలే వసుమతీ. ఇవాళో రేపో అన్నట్టుంది పిల్ల. కొట్టంలో నీ పక్కన వేస్తే సరిపోద్ది."

నా చేతిలో రేకుముక్క ఆగిపోయింది. శశికి అప్పటికి పదకొండేళ్ళు.

కొట్టం సంగతి చెప్పాలి. యాభై ఆరులో రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకి మారినప్పుడు, సెక్రటేరియట్లో గుమాస్తా అయిన మా ఆయన మల్లేశ్వరరావు ఫైళ్ళతోపాటు మేమూ మారాం. ఖైరతాబాదులో ఒక ఇల్లు చూశాం. ఆఫీసుకి నడిచిపోవచ్చు, వంటింటికి రెండు కిటికీలు, నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారు ఇల్లంతా తిరిగి చూసి, "ఆడది బయట చేరితే కూర్చోటానికి చోటేదిరా ఇందులో?" అంది. ఆ ఇల్లు పోయింది. నాంపల్లి స్టేషను వెనక సందులో విద్యావతిగారి ఇంటి వెనక వాటా చూశాం. వంటింటికి కిటికీ లేదు, నేలకి బండలు లేవు. కానీ పెరట్లో గోడవారగా, వాళ్ళ మామగారి రోజుల్లో టాంగా గుర్రాన్ని కట్టేసిన కొట్టం ఒకటుంది. అత్తగారు దాని గుమ్మంలో నిలబడి తృప్తిగా తలాడించింది. ఇల్లు కుదిరిపోయింది. నెలంతా ఉండాల్సిన ఇంటిని వదిలేసి, మూడు రోజుల గది చూసి అద్దెకి దిగినవాళ్ళం ఆ ఊళ్ళో మేమేనేమో.

కొట్టం గోడకి గుర్రాన్ని కట్టే ఇనపకడియం ఉండేది. నెలనెలా మూడు రోజులు దానికి ఎదురుగా చాప వేసుకుని కూర్చునేదాన్ని. కంచం వేరు, చెంబు వేరు, అన్నం దూరంనుంచి పడేది. వానొస్తే ఒక మూలకి, ఎండొస్తే ఇంకో మూలకి చాప లాక్కునేదాన్ని. ఉతుక్కున్న గుడ్డలు ఆ కడియానికే తాడు కట్టి, ఎవరి కంటా పడకుండా చీకట్లో ఆరేసుకునేదాన్ని. ఇప్పటి పిల్లలకి చెబితే అబ్బ, ఎంత ఘోరం అంటారు. ఘోరమే. కానీ చెప్పడానికి సిగ్గుపడే నిజం ఇంకొకటుంది. నాకు సెలవంటూ ఉంటే ఆ మూడు రోజులే. పొయ్యి ముట్టించక్కర్లేదు. "వసుమతీ, నా చొక్కాకి గుండీ ఊడింది చూడు" అన్న కేక ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేది. స్టేషన్లో బండి కూత పెడితే అది బెజవాడ వెళ్తోందా, బొంబాయి వెళ్తోందా అని ఆలోచించుకునేంత తీరిక ఉండేది. అవమానమూ విశ్రాంతీ రెండూ ఒకే చాప మీద దొరుకుతుంటే, దేన్ని వద్దనాలో నాకు చాలాకాలం తెలిసింది కాదు.

తెలిసేలా చేసింది శశి. ఆ నెల నేను కొట్టంలో ఉన్నప్పుడు గుమ్మం బయట నిలబడి, జామకాయ కొరుక్కుంటూ, "అమ్మా, నేనెటు కూర్చోవాలి? కడియం వైపా, తలుపు వైపా?" అంది. ఏడుస్తూ అడిగితే దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. అది రైల్లో సీటు అడిగినంత మామూలుగా అడిగింది. ఈ పిల్ల ఈ గోడకి ఎదురుగా ఒక్కపూట కూడా కూర్చోకూడదనుకున్నాను.

అనుకోవడం సరే, ఎలా? ఆయనతో చెప్పి చూశాను. "అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ మాటే. అయినా ఇవి ఆడవాళ్ళ గొడవలు, నన్ను లాగకు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారితో వాదించి నెగ్గినవాళ్ళు ఆ వంశంలో లేరు, పోయిన మా మామగారితో సహా. మాటతో అయ్యే పని కాదు. కొట్టమే లేకుండా పోవాలి, అదీ ఆవిడ మెచ్చే పని కోసం పోవాలి. ఆవిడ మెచ్చేవి లోకంలో రెండే, ఆవిడ కొడుకూ ఆవిడ కోళ్ళూ. కొడుక్కి ఇల్లు ఉండనే ఉంది. నేను బొగ్గుముక్క తీసుకుని కొట్టం గోడమీద కోళ్ళగూడు గీయడం మొదలుపెట్టాను.

ఆ గీతల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. నా బతుకులో నేను మొదటినుంచి చివరిదాకా ఆలోచించి చేసిన వస్తువు అదొక్కటే. అంతకుముందు జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ఒక స్టాల్లో కోళ్ళగూడు నమూనా పెట్టారు. ముచ్చటగా రంగులేసి, గుమ్మానికి తోరణం కూడా కట్టారు. దాన్ని కడగాలంటే మనిషి ఏ సందులోంచి దూరాలో మాత్రం కట్టినవాళ్ళకి తట్టలేదు. నేను ముందు కడగడం దగ్గరే మొదలుపెట్టాను. నా నడుమెత్తున అరుగు కట్టాలి, దానిమీద నున్నటి షాబాదు బండలు పరవాలి, వెనకనుంచి ముందుకి వాలు ఇవ్వాలి. నేను నిటారుగా నిలబడి బకెట్టు నీళ్ళు కుమ్మరించి చీపురు కొడితే అంతా జారి మోరీలో పడాలి. కోళ్ళు ఎక్కి కూర్చునే కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన ఉంటే దానికోసం పొడుచుకుని చస్తాయి, ఆ మాటకొస్తే మా ఆయన ఆఫీసులోనూ అంతేనట. కర్రల్ని మేకులతో కొట్టకూడదు, సందుల్లో పేలు చేరతాయి, తీసి ఎండలో వేసుకునేలా గూళ్ళలో దోపాలి. గుడ్లు పెట్టే అరలు చీకటిగా ఉండాలి, మూకుళ్ళలో ఊక పోయాలి, బయటనుంచే చెక్క ఎత్తి గుడ్లు తీసుకోవాలి. గాలి కోసం పెట్టే ఇనపజాలీకి గోనెపట్టా, చలికాలం దించడానికి, ఎండాకాలం తడిపి వేలాడదీయడానికి. ఇక అరుగు ముందు నేను నిలబడేంత చోటే ఉండాలి. చాప పరిచేంత నేల ఆ కొట్టంలో ఎక్కడా మిగలకూడదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం కుండపోత వాన కురిసింది. గంపల కిందకి నీళ్ళు వచ్చి నల్లపెట్ట పిల్లలు కొన్ని చచ్చిపోయాయి. అత్తగారు ఆపూట అన్నం తినలేదు. అదే సమయమని నేను రెండు మాటలు కలిపి చెప్పాను. ఒకటి, కొట్టంలో గూడు కట్టిస్తే ఏ వానా ఏ పిల్లీ వాటిని ముట్టుకోలేవని. రెండోది, ఇక ఆ కొట్టంతో నాకు పనిలేదని.

"పనిలేకపోవడమేంటి?" అంది ఆవిడ.

"నాకు ఆగిపోయిందత్తయ్యా. రెండు నెలలైంది."

అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకప్పటిదాకా తెలీదు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే ఆగిపోవడమేమిటని అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసి, "మా పెద్దక్కకీ అంతే, తొందరగానే ఆగింది" అంది. మళ్ళీ తనే, "పోన్లే. ఇక నెలకి మూడు రోజులు నేను ఆ పొగలో చావక్కర్లేదు" అంది. నిజమే, నేను బయట ఉన్నప్పుడు ఆ కిటికీ లేని వంటింట్లో వండేది ఆవిడే. శశి వంతు వచ్చినప్పటి మాట ఆవిడ ఎత్తలేదు, నేను గుర్తుచేయలేదు.

విద్యావతిగారిని అడగాలి కదా, కొట్టం ఆవిడది. ఆవిడ పాత హైదరాబాదు మనిషి, దగ్గర్లో ఆడపిల్లల బళ్ళో టీచరు. నేను చెప్పిందంతా విని కళ్ళద్దాలు సవరించుకుంది.

"కొట్టం తీస్కోండ్రి. షాబాదు బండలు గూడ మా వరండా రిపేరుల మిగిలినయి, ఎనక పడి ఉన్నయి, గవి ఏస్కోండ్రి. గని గా మూడు దినాలు మీరేడ కూసుంటరు?"

"కూర్చోను. మా అత్తగారికి ఆగిపోయిందని చెప్పాను."

ఆవిడ మెల్లగా అంది. "ఔ. నేను ఇన్నేండ్ల సంది బడికి పోతున్న, నన్నెవరడిగిన్రు? గంట కొడితే క్లాసుల ఉండాలె. మా అత్తమ్మ శురూల జర లొల్లి పెట్టింది, ఎనక ఊకుంది. మీరేం ఫికర్ చేయకుండ్రి."

జాలీ, తలుపు బందులు కొనడానికి ఆవిడే నన్ను ఆబిడ్స్ తీసుకెళ్ళింది. నాంపల్లినుంచి ఆబిడ్స్ ఎంత దూరమని. అన్నేళ్ళలో నేను ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో తప్ప ఆ రోడ్డు మీద నడవలేదు. ఆయన వీపే చూశాను తప్ప ఆబిడ్స్ చూడలేదు. ఆ రోజు పెద్ద పోస్టాఫీసు మెట్లు చూశాను. రోడ్డువారన పాతపుస్తకాలు పరుచుకుని కూర్చున్నవాళ్ళని చూశాను. ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకని తెరకట్టిన గదిలో కూర్చుని చాయ్ తాగాం. దాంట్లో బిస్కట్టు ముంచితే విరిగి పడిపోయింది, దానికే ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఇనప సామాను కొట్టువాడు నేనడిగింది విని, నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూశాడు. "సాబ్‌ని తీస్కరాండ్రి అమ్మా, కొలతలు కావాలె కద. ఎంత ఎత్తు?" అన్నాడు. "నా నడుమంత ఎత్తు" అన్నాను. వాడు టేపు తెచ్చి విద్యావతిగారి చేతికిచ్చాడు. ఆవిడ ఆ కొట్లోనే నా నడుమెత్తు కొలిచి వాడికి అంగుళాల్లో చెప్పింది. ఏ జాకెట్టుకో తప్ప నా కొలత ఎవరూ తీసుకోలేదు అంతవరకూ.

బీరయ్య అనే మేస్త్రీ కట్టాడు. మా ఆయన రోజూ ఆఫీసునుంచి వచ్చి, "ఏం ఇంజనీరుగారూ, ఎందాకా వచ్చింది? మన వంటింటికి లేవుగానీ కోళ్ళకి షాబాదు బండలా?" అనేవారు. అత్తగారు బీరయ్య పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కొట్టానికి తూర్పున పాత కిటికీ ఉంటే, జాలీ అక్కడ వద్దంది. "గాలివాన వచ్చేది తూర్పునుంచేగా. దాన్ని మూసేసి పడమట తెరవండి." ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మేమిద్దరం గుడివాడ వైపు సముద్రపు గాలివానల్లో పెరిగినవాళ్ళం, వానంటే తూర్పునుంచి వచ్చేదనే మా ఇద్దరి లెక్క. మరుసటి ఏడాది జూన్లో మొదటి జల్లు ఈడ్చి పడమటినుంచి కొడితే కోళ్ళు బిక్కచచ్చి మూలకి చేరాయి. విద్యావతిగారు చూసి, "గీడ వాన పడమటికెల్లి వస్తది. నన్నొక్క మాట అడగకపోతిరి" అంది. గోనెపట్టా దించి సర్దుకున్నాం. జల్లు మాత్రం పట్టా పైనుంచి అటక దాకా కొడుతూనే ఉండేది.

అటక మాట చెప్పలేదు కదూ. కప్పు కింద ఒక చెక్క అటక పెట్టించాను. ఎందుకని బీరయ్య అడిగితే గడ్డికీ గోనెలకీ అన్నాను. అది నా చేతికి అందుతుంది, అత్తగారికి అందదు. ఆవిడ పొట్టి. గడ్డి వెనక తాడు కట్టి నా గుడ్డలు అక్కడ ఆరేసుకునేదాన్ని. కొట్టాన్ని ఖాళీ చేసినా నాకు అందులో ఆ మాత్రం చోటు మిగుల్చుకున్నాను.

గూడు బ్రహ్మాండంగా కుదిరింది. సందులోవాళ్ళు చూసిపోయేవాళ్ళు. ఆయన స్నేహితుల్ని పెరట్లోకి తీసుకొచ్చి, "మేం ప్లాన్ వేసి కట్టించాం" అని బండల వాలు నీళ్ళు పోసి మరీ చూపించేవారు. రెట్ట కడగడం రెండు బకెట్ల పనైంది. ఎండాకాలం తడి గోనెపట్టాల చల్లదనానికి మధ్యాహ్నాలు కోళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే, నేనూ కాసేపు ఆ అరుగుకి చెంప ఆనించి నిలబడేదాన్ని. నాంపల్లిలో నాకు దొరికిన చల్లటి చోటు అదొక్కటే. ఇప్పుడా సందులో పెద్ద లాడ్జి లేచింది. మొన్న అటు వెళ్ళినప్పుడు దాని వెనక గోడ పక్క నిలబడి, నా అరుగు ఎక్కడుండేదా అని చూసుకున్నాను.

సెలవు మాత్రం పోయింది. అది నాకు తెలిసే ఇచ్చాను గానీ, ఇవ్వడం వేరు, లేకుండా గడపడం వేరు. నడుము విరిగిపోతుంటే, పొత్తికడుపు పట్టుకుని, ఆయన స్నేహితులకి గారెలు వేసిన ఆదివారాలున్నాయి. మొహం చూసి ఎవరూ ఏమిటని అడగకూడదు, నేను చెప్పకూడదు. ఒక్కోసారి ఆ చాప మీద బెంగ కూడా పెట్టుకున్నాను, నవ్వండి కావాలంటే. అత్తగారికి చాదస్తం ముదిరిందనుకునేదాన్ని. నెలలో కొన్ని రోజులు ఉన్నట్టుండి నా చేతిలోంచి రుబ్బురోలు పొత్రం లాక్కుని, "కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, నేను రుబ్బుతాలే. నువ్వు పోయి కోళ్ళని చూసుకో" అనేది. నా పని నన్ను చేసుకోనివ్వదని విసుక్కుంటూ పెరట్లోకి పోయేదాన్ని. ఒక వర్షాకాలం వంటింటి ఎత్తుపీట కోళ్ళగూట్లో, అటక కింద కనబడింది. శశిని ఆటలకి వంటింటి పీట తీస్తావా అని చీవాట్లేశాను. తను తియ్యలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు.

శశి పెద్దమనిషయింది ఆ మరుసటి వానాకాలం, ఒక ఆదివారం పొద్దున. స్నానాల గదిలోంచి పిలిచి చెప్పింది. నేను బయటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో ఉంది, నా మొహం చూడగానే గ్రహించింది. వరండాలో ఆయన పేపరు చదువుకుంటున్నారు. పెరట్లో జల్లు పడమటినుంచి ఏటవాలుగా కొడుతోంది. అత్తగారు గూడువైపు చూస్తూ నిలబడింది. బండల అరుగు, దాని ముందు మనిషి పట్టేంత సందు. ఎన్నాళ్ళనుంచో నోట్లో తిప్పుకుంటున్న మాట అన్నాను.

"కొట్టంలో చాప వేసే చోటు లేదుగా అత్తయ్యా. ఎక్కడ కూర్చోబెడదాం?"

వరండాలోంచి ఆయనే అందుకున్నారు. "దానికేముంది, వెనక గోడకి గోనెపట్టా ఒకటి కట్టి..."

"ఇవి ఆడవాళ్ళ గొడవలురా. నువ్వు పేపరు చదువుకో" అంది అత్తగారు, అటు తిరక్కుండానే. తరవాత నాతో అంది. "మధ్యగదిలో వెయ్యి చాప, కిటికీ కింద. నువ్వులు తీసి ఉంచు, చిమ్మిలి నేను దంచుతా."

ఇన్నాళ్ళూ దేనికోసం అబద్ధమాడి, బొగ్గుతో గోడలు నింపి, నొప్పి దిగమింగి తిరిగానో అది అంత చిన్న గొంతుతో అయిపోయింది. చాప తేవడానికి లోపలికి తిరిగాను. వెనకనుంచి ఆవిడ ఇంకో మాట అంది, ఆయనకి వినబడకుండా.

"ఆ పడమటి జాలీకి పైన రేకు కొట్టించు. జల్లు అటక దాకా కొడుతోంది, నీ గుడ్డలు తడుస్తున్నాయి. పోయినేడే చెబుదామనుకున్నా."

తిరిగి చూసేసరికి ఆవిడ నువ్వుల డబ్బాకోసం వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎత్తుపీట లాగిన చప్పుడు వినబడింది. నేను చాప పట్టుకుని మధ్యగదిలో చాలాసేపు నిలబడిపోయాను. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తెలిసి కూడా ఏడాదిపాటు నన్ను దొంగలా తిరగనిచ్చింది. తెలిసి కూడా ఏడాదిపాటు నా చేతి అన్నం తింది, నేను వెలిగించిన దీపానికి దణ్ణం పెట్టుకుంది, నా రుబ్బురోలు తను తిప్పింది. ఒక్క ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరం ఒకరికొకరం తెలియనట్టు దాచుకుంటూ బతికాం. ఎవరికి భయపడి? పేపరు చదువుకుంటున్న ఆ మనిషికా?

రేకు కొట్టించలేదు. మర్నాడు వాన తెరిపిచ్చింది. అటక మీదనుంచి తాడు విప్పుకొచ్చి, జామచెట్టుకీ గూటి తలుపుకీ మధ్య, ఎండ నిండుగా పడేచోట కట్టాను. శశిని పిలిచి పక్కన నిలబెట్టుకుని, ముందు నా గుడ్డలు ఆరేశాను.